నరమామిడికి కొత్త పండుగ లేదు

మన ఊళ్ళలో మామిడి కొత్త చేయకుండా మామిడికాయ ఎవరూ తినరు. కొర్ర కొత్త కాకుండా కొత్త కొర్రలు పొయ్యి మీదికి ఎక్కవు. చిక్కుడు కొత్త చేసేదాకా చిక్కుడు పాదు మీద చెయ్యి వేయరు. చిన్నప్పుడు మనం దీన్ని ఒక పండుగగానే చూశాం. కోడి కోస్తారు, థింసా ఆడతారు, అంతవరకే మనకు తెలుసు. కాస్త పెద్దయ్యాక అర్థమవుతుంది, అది పండుగ రూపంలో ఉన్న కట్టుబాటు అని. కాయ ముదరకముందే తెంపేస్తే గింజ ఉండదు. గింజ లేకపోతే రేపటికి మొక్క ఉండదు. దేవతకు పెట్టాకే మనం తినాలి అన్న మాటలో పంటనూ అడవినీ కాపాడే లెక్క కూడా ఉంది.

అయితే మన అడవిలో ఒక చెట్టుకు ఈ కాపు దొరకలేదు. దాని దగ్గర మనం తీసుకునేది కాయ కాదు, పువ్వు కాదు, ఆకు కాదు. చెక్క. ఆ చెట్టు పేరు నరమామిడి. ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా తెస్తున్న ఈ సంచికలో వీరుల గురించి, పండుగల గురించి, భాషల గురించి చాలామంది రాస్తారు. మనం ఈసారి ఒక చెట్టు చరిత్ర రాసుకుందాం. ఆ చరిత్రలో మన గొప్ప ఉంది, మనకు జరిగిన అన్యాయం ఉంది, మన తప్పు కూడా ఉంది.

చెట్టు ఎవరు?

నరమామిడిని కొన్నిచోట్ల నర్రమామిడి అంటారు, మెద అని కూడా అంటారు. ఆకు చూస్తే మామిడి గుర్తుకొస్తుంది కానీ, మామిడికీ దీనికీ చుట్టరికం లేదు. శాస్త్రవేత్తలు దీన్ని లిట్సియా గ్లూటినోసా అంటారు. గ్లూటినోసా అంటే జిగురుగా ఉండేది అని అర్థం. ఆకు నలిపితే మసాలా దినుసు వాసన వస్తుంది, వేళ్ళకు జిగురు అంటుతుంది. చెక్కకూ ఒక పలుచని సువాసన ఉంటుంది. పొడి చేసి నీళ్ళు కలిపితే సాగే బంక అవుతుంది. ఇక్కడ చెక్క అంటే కలప కాదు, చెట్టు బెరడు. దాల్చిన చెక్క అన్నప్పుడు ఏ అర్థమో ఇదీ అదే.

దాల్చిన మాట ఊరికే తీయలేదు. దాల్చిన, కర్పూరం, బిర్యానీ ఆకు, నరమామిడి, ఇవన్నీ ఒకే కుటుంబం చెట్లు. ఆ కుటుంబంలో చాలావాటికి ఆకులోనో బెరడులోనో వాసన ఉంటుంది. నరమామిడిలో ఇంకో విశేషం ఉంది. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. పసుపు ఛాయ ఉన్న చిన్న చిన్న పూలు గుత్తులుగా రెండింటికీ పూస్తాయి కానీ, బఠాణీ గింజంత నల్లని పండు ఆడ చెట్టుకే కాస్తుంది. ఆ పండు తిని, గింజను దూరంగా పడేసేవి పక్షులు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

మన చెట్ల తెలుగు పేర్లు పుస్తకాల్లోకి ఎక్కడం రెండు వందల ఏళ్ళ కిందటే మొదలైంది. ఈస్ట్ ఇండియా కంపెనీలో వైద్యుడిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉన్నాడు. ఉత్తర సర్కారుల్లో దొరికిన మొక్కలను బొమ్మలు గీయించి, స్థానికులు పిలిచే పేర్లు, వాడే విధాలు అడిగి రాసుకున్నాడు. అతని కోరమాండల్ మొక్కల పుస్తకం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. రాక్స్‌బర్గ్ పేరు ఈనాటికీ వందల మొక్కల శాస్త్రీయ నామాల పక్కన ఉంది. అతనికి పేరూ వాడకమూ చెప్పిన మనుషుల పేర్లు ఎక్కడా లేవు. చరిత్రలో మన స్థానం అక్కడి నుంచే అలా ఉంది. తెలివి మనది, సంతకం వేరొకరిది.

ఇంటి మందు

మన పెద్దలకు నరమామిడి ముందు మందు చెట్టు. కాలు బెణికినా, దెబ్బ తగిలి వాచినా చెక్కను నూరి, ముద్ద చేసి పట్టు వేస్తారు. ఎముక విరిగితే ఆ ముద్ద పూసి, పైన వెదురు బద్దలు పెట్టి గుడ్డతో కట్టేవారు. ఎండేకొద్దీ ఆ పట్టు గట్టిపడి, విరిగిన చోటు కదలకుండా పట్టుకుంటుంది. బంక విరేచనాలకు చెక్క పొడిని నీళ్ళలో కలిపి తాగించేవారు. గింజల నుంచి తీసే నూనె దీపాలకు, సబ్బుకు పనికొస్తుంది. ఈ చెక్కనే యునానీ వైద్యంలో మైదా లకడీ అంటారు. పెద్ద ఊళ్ళ మూలికల దుకాణాల్లో ఆ పేరుతో అమ్ముతారు. బెణుకులకు, వాపులకు అక్కడా ఇదే వాడకం. (విరిగిన ఎముకకు ఇప్పుడు ఎక్స్‌రే తీయించాల్సిందే. పాత విద్యను గౌరవించడం అంటే ఆసుపత్రి మానేయడం కాదు.)

మందు కోసం చెక్క తీసే పద్ధతి వేరు. గురువు గానీ ఇంటి పెద్ద గానీ చెట్టు దగ్గరికి వెళ్ళి, ఒక పక్క నుంచి అరచేతి వెడల్పున తీసుకుంటాడు. ఒక మనిషి కాలికి పట్టు వేయడానికి అంతకన్నా ఎందుకు? ఆ గాయం చెట్టుకు మానిపోతుంది. అందుకే చెక్క తీయడానికి కట్టుబాటు పెట్టాల్సిన అవసరం మన తాతముత్తాతలకు రాలేదు. మామిడికి కొత్త ఉంది, కొర్రకు కొత్త ఉంది, చిక్కుడుకు కొత్త ఉంది. నరమామిడి చెక్కకు లేదు. ఎందుకంటే అది ఎప్పుడూ పంట కాలేదు, ఎప్పుడో ఒకసారి పనిపడే మందుగానే ఉంది.

ఆ మందు సరుకుగా మారినప్పుడు మన దగ్గర అడ్డం చెప్పే ఆచారం లేకపోయింది. కథంతా అక్కడే ఉంది.

అక్క కథ

చెట్టు చెక్క సరుకైతే ఏమవుతుందో ముందు నరమామిడికి అక్క వరసయ్యే దాల్చిన చెట్టు చరిత్రలో చూద్దాం. అది మన మన్యంలో కాదు, శ్రీలంకలో జరిగింది. ఆ కథకు తారీఖులు స్పష్టంగా ఉన్నాయి.

పోర్చుగీసువాళ్ళు 1505లో ఆ దీవికి చేరారు. 1518లో కొలంబోలో కోట కట్టారు. వాళ్ళను అక్కడికి లాగింది ముఖ్యంగా దాల్చిన చెక్కే. అప్పట్లో దాల్చిన తోటల్లో పెరిగేది కాదు, అడవిలో దానంతటదే పెరిగేది. దాన్ని ఒలిచే విద్య సలాగమ అనే ఒక కులం చేతిలో ఉండేది. వాళ్ళు రాజుకు ఏటా ఇంత చెక్క అని ఊడిగంగా ఇవ్వాలి. పోర్చుగీసువాళ్ళు ఆ ఊడిగాన్ని తమ వైపు తిప్పుకున్నారు, లెక్క పెంచారు. 1656లో కొలంబో డచ్చి కంపెనీ చేతికి పోయింది. డచ్చివాళ్ళు కాగితం మీద పక్కాగా రాశారు. దాల్చిన మొత్తం కంపెనీదే. ఒలిచేవాడు బయటివాళ్ళకు అమ్మినా, చెట్టును పాడుచేసినా మరణశిక్ష దాకా ఉంది. చెట్టు గురించి తరతరాలుగా తెలిసినవాళ్ళు ఆ చెట్టు దగ్గరే నేరస్థులయ్యే పరిస్థితి వచ్చింది.

అడవి చెక్కలో ఎక్కువ భాగం క్యాండీ రాజు ఏలుబడిలోని కొండల నుంచి రావాలి. రాజుతో కంపెనీకి యుద్ధం వచ్చింది, 1761 నుంచి 1766 దాకా సాగింది. ఆ తర్వాతే డచ్చివాళ్ళు తమ చేతిలో ఉన్న నేల మీద దాల్చిన తోటలు వేయించడం గట్టిగా మొదలుపెట్టారు. 1796లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. చివరికి 1833లో సర్కారు గుత్తాధిపత్యం రద్దయింది.

ఈ కథలో ఒక విషయం మాత్రం మనకు చాలా పనికొస్తుంది. ఇంతమంది దొరలు మారినా దాల్చిన చెట్టు చావలేదు. కారణం ఒలిచే పద్ధతి. నిలబడి ఉన్న మాను మీద చెక్క ఒలవరు. రెండేళ్ళు ఎదిగిన కొమ్మను మొదలు దగ్గర నరుకుతారు. పై పొర గీకేసి, ఇత్తడి కడ్డీతో రుద్ది, లోపలి బెరడును కత్తితో గొట్టంలా ఊడదీస్తారు. మోడు నుంచి మళ్ళీ పిలకలు లేస్తాయి. మరో రెండేళ్ళకు అవి చేతికొస్తాయి. చెట్టు నేలలో బతికే ఉంటుంది, పైన మాత్రం కోతకు వస్తూ ఉంటుంది. ఆ పని చేసే చేతులకు అప్పట్లో హక్కు లేదు గానీ, ఆ చేతుల్లో ఉన్న విద్య వల్ల చెట్టు మిగిలింది. ఈనాటికీ ప్రపంచానికి అసలైన దాల్చిన ఎక్కువగా అక్కడి నుంచే వస్తోంది.

మన్యం సంతలో

ఇక మన కొండలకు వద్దాం. మన్యంలో అడవి సరుకు కిందికి దిగడం కొత్త కాదు. చింతపండు, కరక్కాయ, తేనె, మైనం, అడ్డాకులు కావిళ్ళలో సంతకు దిగేవి. ఉప్పు, గుడ్డ, ఎండుచేప పైకి ఎక్కేవి. మధ్యలో షావుకారు ఉండేవాడు. తూకం అతనిది, రేటు అతనిది, అప్పు పుస్తకం అతనిది. 1879లో రంపలో తిరుగుబాటు రేగడానికి కల్లు మీద పన్నుతో పాటు, పల్లపు వ్యాపారులు అప్పుల పేరుతో కోర్టు డిక్రీలు తెచ్చి గొడ్డూ గోదా తోలుకుపోవడం కూడా ఒక కారణం. అది చల్లారిన కొద్దికాలానికే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మన తాతలు తిరిగిన అడవి రిజర్వు అయింది. పోడు నేరమైంది. అడవిలోకి వెళ్ళడమే ఒకరి దయ అయింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాము గంటందొర, మల్లుదొర లాంటి మనవాళ్ళు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీదికి వెళ్ళడం వెనక ఈ అడవి ఆంక్షలూ, రోడ్డు పనుల్లో చేయించిన వెట్టీ ఉన్నాయి.

స్వాతంత్ర్యం వచ్చాక షావుకారును తప్పించాలన్న ఆలోచనతో 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. మనం జీసీసీ అని పిలిచేది దాన్నే. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలు మీద 1979లో ఒక నిబంధన చేశారు. దాని ప్రకారం ఆ సరుకు కొనే అధికారం జీసీసీకే దక్కింది. భూమికి 1/70 ఎలాగో, అడవి సరుకుకు ఇది అలాంటి రక్షణ. 1/70 గురించి మన పిల్లలకు తెలుసు. ఈ 1979 నిబంధన గురించి చాలామందికి తెలియదు. తెలుసుకోండి.

చింతపండు, తపసి బంక, కుంకుడుకాయ, చిల్లగింజలు, కొండ చీపుళ్ళతో పాటు జీసీసీ కొనే జాబితాలో నరమామిడి చెక్క కూడా చేరింది. అప్పటిదాకా అరచేతి వెడల్పు మందుగా ఉన్నది కిలోల లెక్కన సరుకైంది. డిపోలో, సంతలో, ఎక్కడైనా తూకం ఒకటే అడుగుతుంది, ఎన్ని కిలోలు అని. చెక్క బతికిన చెట్టుదా, చంపిన చెట్టుదా అని తూకం అడగదు. ఒక పక్క నుంచి జాగ్రత్తగా తీసిన చెక్కకూ, చెట్టు చుట్టూ ఒలిచిన చెక్కకూ రేటు ఒకటే అయినప్పుడు, పొయ్యి వెలగాల్సిన ఇల్లు ఏది తెస్తుంది?

ఇక్కడ మనం దాచుకోకుండా ఒప్పుకోవాలి. రేటు కట్టింది మనం కాదు. కానీ గొడ్డలి మన చేతిలోనే ఉంది.

అగరుబత్తికి అంటుకున్న పేరు

ఇంతకీ ఈ చెక్క ఎవరికి కావాలి? అగరుబత్తి చేసేవాళ్ళకు. మైసూరు, బెంగళూరుల్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎదిగిన పరిశ్రమ అది. బొగ్గుపొడి, రంపపు పొట్టు కలిపి వెదురుపుల్లకు చుట్టాలంటే వాటిని పట్టి ఉంచే బంక కావాలి. ఆ బంక కాలేటప్పుడు సెంటు వాసన చెడగొట్టకూడదు, నిదానంగా కాలాలి, పుల్ల మీద నుంచి రాలిపోకూడదు. నరమామిడి చెక్క పొడికి ఈ గుణాలన్నీ ఉన్నాయి. పడమటి కనుమల్లో ఇదే కుటుంబానికి చెందిన ఇంకో చెట్టు చెక్కనూ ఇందుకే వాడతారు. వ్యాపారంలో ఈ పొడి పేరు జిగట్. జిగట అనే మాట పుట్టుకతో తెలిసిన మనకు ఆ పేరు విడమరిచి చెప్పక్కర్లేదు. దోమల కాయిల్‌లో కూడా ఈ పొడి పడుతుంది.

ప్రతి ఇంటి దేవుడి గూట్లో వెలిగే బత్తిలో మన కొండ చెట్టు ఉంది. పెట్టె మీద గులాబీ, మల్లె, చందనం బొమ్మలు ఉంటాయి. వాటన్నిటినీ పట్టి నిలబెట్టిన చెక్క పేరు మాత్రం ఏ పెట్టె మీదా ఉండదు.

చెట్టు ఎలా చస్తుంది?

చెట్టు చెక్కలో రెండు పొరలుంటాయి. బయట గరుకుగా ఉండేది చచ్చిన పొర. లోపల తడిగా, మెత్తగా ఉండేది ప్రాణమున్న పొర. ఆకులు ఎండలో వండిన తిండి వేళ్ళకు దిగేది ఆ లోపలి పొర గుండానే. మనకు కావలసిన జిగురు ఉన్నదీ అందులోనే. మాను చుట్టూ ఉంగరంలా ఆ పొరను ఒలిచేస్తే, పైన ఆకులు పచ్చగానే కనిపిస్తాయి. కొన్నాళ్ళు చెట్టుకు ఏమీ కాలేదనిపిస్తుంది. కింద వేళ్ళు మాత్రం పస్తులుంటాయి. వేళ్ళు చచ్చాక నీళ్ళు పైకెక్కవు, చెట్టు నిలువునా ఎండుతుంది. ఒలిచినవాడు అప్పటికి వేరే చెట్టు దగ్గర ఉంటాడు.

ఇందాక చెప్పిన మగ, ఆడ చెట్ల సంగతి ఇక్కడ కలపండి. ఒక గెడ్డ వెంట నాలుగు నరమామిళ్ళు ఉండి, ఆడ చెట్లు రెండూ ఎండిపోయాయనుకోండి. మిగిలిన రెండూ ఎంత బాగా పూసినా ఒక్క పండూ కాయదు. పక్షి రాదు, గింజ పడదు. చెట్లు కనిపిస్తూనే ఉంటాయి గానీ అక్కడ ఆ జాతి అప్పటికే ఆగిపోయినట్టే. తూర్పు కనుమల చెట్ల మీద పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞులు నరమామిడి తగ్గిపోవడానికి చెక్క ఒలుపునే ముఖ్య కారణంగా చూపిస్తున్నారు.

మనం దిద్దుకోలేని జాతి కాదు. తపసి బంక సంగతే చూడండి. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా నరికి బంక తీసేవాళ్ళం. చెట్లు కుళ్ళి చచ్చేవి, బంకలో మట్టీ బెరడూ కలిసి రేటు పడిపోయేది. తర్వాత జీసీసీ, కొన్ని స్వచ్ఛంద సంస్థలు శిక్షణ ఇచ్చాయి. చిన్న పనిముట్టుతో పైపైన గీత పెట్టడం, గీతకూ గీతకూ మధ్య ఎడం వదలడం, శుభ్రంగా ఏరి రకాలుగా వేరుచేయడం మనవాళ్ళు నేర్చుకున్నారు. చెట్టూ నిలిచింది, రేటూ పెరిగింది. అంటే తూకం ఒక్కటే కాకుండా సరుకు నాణ్యతను కూడా చూసి డబ్బిచ్చినప్పుడు మన చెయ్యి మారింది. చెక్క విషయంలో ఆ పని ఇంకా మిగిలే ఉంది.

సముద్రం అవతల ఇదే చెట్టు

మన అడవిలో చెట్టు తగ్గితే బత్తి పరిశ్రమ ఆగిపోయిందా? లేదు. సరుకు వేరేచోటి నుంచి తెచ్చుకుంది. పుల్లలు, జిగట్ పొడి, చివరికి సెంటు వేయని బత్తులు కూడా ఎక్కువగా వియత్నాం నుంచి ఓడల్లో దిగడం మొదలైంది. దేశంలో రోజుకు సుమారు 1,490 టన్నుల అగరుబత్తి వాడకం ఉంటే, ఇక్కడ తయారయ్యేది 760 టన్నులేనని 2020లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ లెక్క చెప్పింది. అంతకు ముందే, 2019 ఆగస్టు 31న, కేంద్ర ప్రభుత్వం అగరుబత్తి దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది.

మరి వియత్నాంకు అంత చెక్క ఎక్కడిది? ఇది మన పిల్లలు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి. ఆ దేశం మధ్య భాగంలో ఎత్తైన కొండ ప్రాంతం ఉంది. అక్కడ గియా లాయ్ రాష్ట్రంలో జరాయ్, బానార్ అనే ఆదివాసీలు ఉంటారు. వాళ్ళదీ మనలాంటి బతుకే, కొండపోడు, అడవి, సొంత భాష. వాళ్ళు ఇదే లిట్సియా గ్లూటినోసాను తమ చేలల్లో కర్రపెండలంతో కలిపి పెంచుతారు. అక్కడ దాని పేరు బోయ్ లోయ్. చెట్టు ఎదిగేలోపు పెండలం తిండికీ అమ్మకానికీ వస్తుంది. కొన్నేళ్ళకు చెట్టును మొదలంటా కోసి, కింద పడిన మాను మీద చెక్క ఒలుస్తారు. మోడు నుంచి పిలకలు వస్తాయి, వాటిలో రెండు మూడు మంచివి ఉంచి పెంచుతారు. అలా ఒకే మోడు నుంచి రెండు మూడు కోతలు తీసుకుంటారు. దాల్చిన పద్ధతే ఇది, చెల్లెలి మీద.

అక్కడంతా బంగారమని చెప్పబోవడం లేదు. ధర పడిపోయి రైతులు దిగాలుపడిన ఏళ్ళు అక్కడా ఉన్నాయి. ఒక్క కొనుగోలుదారుడి మీద బతికే పంటకు ఎక్కడైనా ఆ గండం తప్పదు. కానీ తేడా చూడండి. ఒకే చెట్టు, ఒకే చెక్క, ఆ వైపూ ఆదివాసీలే, ఈ వైపూ ఆదివాసీలే. అక్కడ చెట్టు వాళ్ళ చేలో ఉంది కాబట్టి వచ్చే కోత గురించి ఆలోచించారు. ఇక్కడ చెట్టు రిజర్వు అడవిలో ఉంది, మనది కాదన్నారు. ఈరోజు మనం వదిలితే రేపు ఇంకొకడు ఒలుచుకుపోతాడు అన్న భయం ఉంది. నాది అనుకునే చోట మనిషి మోడును కాపాడతాడు. నాది కాదన్న చోట ఉంగరం తిప్పి ఒలుస్తాడు. తెలివిలో తేడా లేదు, హక్కులో తేడా ఉంది.

ఇప్పుడు హక్కు ఎవరిది?

ఆ మాట ఇప్పుడు మారింది. అడవి మనది కాదన్న రోజులు కనీసం కాగితం మీద పోయాయి. 1996 నాటి పీసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలని చెప్పింది. దానికి మన రాష్ట్రంలో నియమాలు 2011లో వచ్చాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకెళ్ళింది. సంప్రదాయంగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు, సేకరించే హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఇచ్చింది. చెక్క పేరు విడిగా రాసి లేకపోయినా, మొక్కల నుంచి వచ్చే కలపేతర ఉత్పత్తులన్నీ అందులోకి వస్తాయి. సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు వేరే ఉంది. మన సంప్రదాయ జ్ఞానం మీద మన సామూహిక హక్కును కూడా అదే చట్టం గుర్తించింది. రాక్స్‌బర్గ్ కాలంలో పేరు లేకుండా పోయిన మన పెద్దలకు ఆలస్యంగా దొరికిన గుర్తింపు అది.

అయితే అదే చట్టంలో ఐదో సెక్షన్ ఉంది. అడవినీ, వన్యప్రాణులనూ, జీవవైవిధ్యాన్నీ కాపాడే బాధ్యతను గ్రామసభ మీద పెట్టింది. హక్కు పత్రం ఫొటో తీసి స్టేటస్ పెట్టుకునేటప్పుడు ఈ సెక్షన్ కూడా చదవండి. చెట్టు మనదైనప్పుడు, చెట్టు చస్తే ఆ లెక్కా మనదే.

మనం చేయగలిగేవి పెద్ద పనులేం కావు. మీ ఊరి గెడ్డల వెంట ఎన్ని నరమామిళ్ళు మిగిలాయో, ఏవి కాస్తున్నాయో, ఏవి పూసి ఊరుకుంటున్నాయో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని తిరిగి రాసుకోండి. కాసే ఆడ చెట్టుకు గుర్తు కట్టండి, దాని చెక్క ముట్టొద్దని గ్రామసభలో తీర్మానం రాయించండి. పండు పండినప్పుడు గుజ్జు కడిగి గింజను తాజాగా ఉండగానే నాటండి, ఈ కుటుంబం చెట్ల గింజలు ఎక్కువ కాలం నిలవ ఉండవు. కాఫీ తోటలోనో, జీడిమామిడి గట్టునో నాలుగు మొక్కలు ఎదిగితే, నిలబడిన మానును ఒలవకుండా కోసి పిలకలు పెంచే పద్ధతి మన నేల మీదే చూసుకోవచ్చు. డిపోలో చెక్క కొనేవాళ్ళను ఇది ఎలా తీసింది అని అడిగే నియమం పెట్టమని అడగండి. కోత చెక్కకు ఒక రేటు, ఉంగరం ఒలిచిన చెక్కకు తిరస్కారం ఉంటే, తూకమే చెట్టుకు కాపలా కాస్తుంది.

ఇంకో పని కూడా ఉంది. అది చట్టం చేయలేదు, డిపో చేయలేదు. మామిడి కొత్త, కొర్ర కొత్త ఎవరో ఒక దేవుడు ఆకాశం నుంచి రాసి పంపినవి కావు. ఎప్పుడో మన పెద్దలు కూర్చుని, ఎప్పుడు ముట్టాలి, ఎంత ముట్టాలి అని ఒక మాట అనుకున్నారు. ఆ మాటను మరిచిపోకుండా దానికి డప్పు కట్టారు, పాట కట్టారు, నైవేద్యం పెట్టారు. వాళ్ళ కాలంలో నరమామిడి చెక్కకు ఆ అవసరం రాలేదు. మన కాలంలో వచ్చింది. అంటే ఆ మాట అనుకోవాల్సింది మనమే. ఫలానా నెలలో తప్ప చెక్క తీయం, ఆడ చెట్టు ముట్టం, మోడు చంపం అని ఒక ఊరు అనుకుని, ఆరోజు చెట్టు కింద కోడి కోసి, థింసా ఆడి మొదలుపెడితే, అదే కొత్త అవుతుంది. ఆచారాలు పాతకాలంలోనే పుట్టాలని ఎక్కడా లేదు.

వచ్చే ఏడు ఇదే సంచికలో మీలో ఎవరో ఒకరు మీ ఊరి నరమామిళ్ళ లెక్క రాసి పంపుతారని మేము ఎదురుచూస్తుంటాం. ఎన్ని ఉన్నాయి, ఎన్ని కాస్తున్నాయి, ఎన్ని కొత్తగా మొలిచాయి. అంతే చాలు.

జై ఆదివాసీ.